ఆ విమానాన్ని మాట్లాడింది ఎవరు?

కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్లే దారిలో ఉన్న గరికపాడు చెక్‌పోస్టు ఈ ప్రాంతపు పాఠకులకు కొత్త కాదు. 2020 మార్చి చివరి వారంలో అక్కడ జరిగినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. విద్యార్థులు, చిన్న ఉద్యోగులు పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని బైకుల మీద, కార్లలో సొంతూళ్లకు బయల్దేరారు. సూర్యాపేట దాటారు, కోదాడ దాటారు, సరిహద్దు దగ్గర ఆగిపోయారు. ఇటు రాష్ట్రం ఇచ్చిన పత్రం అటు రాష్ట్రంలో చెల్లదన్నారు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకునే వరకు ఆ పిల్లలు రోడ్డు మీదే ఉన్నారు.

ఒక ప్రభుత్వం "వెళ్లండి" అంటే సరిపోదు, అవతలి ప్రభుత్వం "రండి" అనాలి. ఈ సంగతి మనం ఆ రోజు రోడ్డు మీద నేర్చుకున్నాం. ఆకాశంలోనూ ఇదే పద్ధతి. విదేశీ విమాన సంస్థలు నడిపే చార్టర్ విమానాల విషయంలో మన ప్రభుత్వమూ ఇతర ప్రభుత్వాలూ పెట్టే నిబంధనల గురించి ఈ వారం రాయాలనుకోవడానికి కారణం అదే. ఇది ఢిల్లీ వాళ్ల సంగతి, మనకెందుకు అనిపించవచ్చు. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో ఏ ఆదివారమైనా ప్రార్థన విన్నపాలు వినండి. కొడుకు అమెరికా వీసా కోసం, కూతురి క్షేమ ప్రయాణం కోసం, గల్ఫ్‌లో ఉన్న భర్త తిరిగి రావడం కోసం ఎవరో ఒకరు లేచి నిలబడతారు. ఆరాధన అయ్యాక బయట పరిశుద్ధ దేశ యాత్ర కరపత్రం కూడా చేతికి అందుతుంది. మన ప్రార్థనల్లో ఇన్ని విమానాలు ఉన్నప్పుడు, అవి ఎవరి అనుమతితో ఎగురుతున్నాయో తెలుసుకోవడం మన పనే.

ఆర్టీసీ బస్సు, పెళ్లి బస్సు

చార్టర్ అంటే ఏమిటో అర్థం కావాలంటే మన హైవేనే చూడవచ్చు. ఆర్టీసీ బస్సుకు ఒక వేళ ఉంటుంది, ఒక దారి ఉంటుంది, ఎవరైనా చేయెత్తి ఎక్కి టికెట్ తీసుకోవచ్చు. పెళ్లికి మాట్లాడుకున్న బస్సు అలా కాదు. బస్సు మొత్తాన్ని ఒకరు మాట్లాడతారు, ఒకరే డబ్బు కడతారు, ఎవరు ఎక్కాలో వారే చెబుతారు. విమానాల్లోనూ అంతే. రోజూ వేళకు నడిచేది షెడ్యూల్డ్ విమానం. ఎవరో ఒకరు మొత్తంగా మాట్లాడుకున్నది చార్టర్ విమానం.

పెళ్లి బస్సు పర్మిట్ తీసుకుని, దారి పొడవునా మనిషికింత అని టికెట్లు కొట్టుకుంటూ పోతే రవాణా శాఖ పట్టుకుంటుంది. కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్‌తో స్టేజీ క్యారేజీ నడుపుతున్నారని హైదరాబాద్, విజయవాడ మధ్య ప్రైవేటు ట్రావెల్స్ మీద ఎన్నిసార్లు కేసులు పెట్టారో మన పాఠకులకు తెలుసు. ఈ తగాదానే 2020లో రెండు దేశాల మధ్య వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమే నేటికీ ప్రపంచ విమానయానానికి మూలం. ప్రతి దేశానికీ తన ఆకాశం మీద పూర్తి అధికారం ఉందని అందులో మొదటి మాటగా రాసుకున్నారు. ఆరో అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ విమానాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అందుకే దేశాలు రెండేసి కూర్చుని, వారానికి ఎన్ని విమానాలు, ఏ ఊళ్లకు అని ఒప్పందాలు చేసుకుంటాయి. షెడ్యూల్డ్ కాని విమానాల సంగతి ఐదో అధికరణంలో ఉంది. అక్కడ కొంత ఉదారంగా రాసినా, డబ్బు తీసుకుని ప్రయాణికులను మోసే విమానాల మీద ఏ దేశమైనా తనకు తగిన షరతులు పెట్టుకోవచ్చని చివర చేర్చారు. చార్టర్ నిబంధనలన్నీ ఆ ఒక్క వాక్యం మీద నిలబడినవే.

మన దేశంలో ఆ షరతులు పెట్టేది పౌర విమానయాన శాఖ, దాని కింద పనిచేసే డీజీసీఏ. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. చట్టం పేరు మారింది కానీ అసలు ప్రశ్న పాతదే. ప్రభుత్వం ఎవరిని కాపాడడానికి ఈ అధికారాన్ని వాడుతోంది? విమాన సంస్థల వాటానా, దేశ భద్రతనా, సీట్లో కూర్చున్న మనిషినా? మూడూ అవసరమే. అయితే మూడింటిలో ఏది ముందు అన్న చోటే తేడా వస్తుంది.

2020లో ఏం జరిగింది

2020 మార్చి 22 నుంచి విదేశీ షెడ్యూల్డ్ విమానాలను మన ప్రభుత్వం ఆపేసింది. ఒక వారానికని ఆపినవి మామూలుగా మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. ఈ రెండేళ్లలో వచ్చినవీ పోయినవీ ప్రత్యేక విమానాలు, చార్టర్లు, ఆ తర్వాత దేశానికో దేశంతో కుదుర్చుకున్న ఎయిర్ బబుల్ విమానాలే.

ముందు కువైట్ సంగతి. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం కాగితాలు సరిగా లేని వలస కార్మికులకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా ఉండదు, విమాన ఖర్చు కూడా తామే భరిస్తామంది. మనవాళ్లు వేల సంఖ్యలో పేర్లు ఇచ్చుకుని శిబిరాలకు చేరారు. వారిలో కడప వైపు నుంచి వెళ్లినవారు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు. కువైట్‌లోని తెలుగు సంఘాల్లో శుక్రవారం ఆరాధనకు వచ్చే అక్కచెల్లెళ్లలో చాలామంది అలాంటివారే. విమానాలు సిద్ధంగా ఉన్నాయి, ఖర్చు భరించేవారున్నారు, ఎక్కేవారూ ఉన్నారు. లేనిది ఇవతలి నుంచి "రండి" అన్న మాట. మే నెల వచ్చేదాకా ఆ శిబిరాల్లో ఎండకు ఎదురుచూపే మిగిలింది.

ప్రభుత్వం వైపు నుంచి కూడా చూడాలి. అప్పుడు పరీక్షల కిట్లు చాలినన్ని లేవు, క్వారంటైన్ గదులు లేవు. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ ప్రాంతంలో కరోనా పాకిన తీరు చూసిన మనకు ఆ భయం ఎంత నిజమో తెలుసు. వచ్చేవారిని ఎక్కడ ఉంచాలో తేల్చుకోకుండా తలుపులు తీయడం సరికాదన్న వాదనలో న్యాయముంది. కొన్ని వారాల ఆలస్యాన్ని ఆ కారణంతో ఒప్పుకోవచ్చు.

మే 7న వందే భారత్ మిషన్ మొదలైంది. ఆ రోజు అబుదాబి, దుబాయ్‌ల నుంచి కేరళకు మొదటి విమానాలు వచ్చాయి. మే 9న కువైట్ నుంచి 163 మందితో ఎయిర్ ఇండియా విమానం శంషాబాద్‌లో దిగింది. ఖర్చు ప్రయాణికులదే. అమెరికా నుంచి మనిషికి దాదాపు లక్ష రూపాయలు, లండన్ నుంచి 50 వేలు అవుతుందని విమానయాన మంత్రి ముందే చెప్పారు. ఉద్యోగం పోయినవాడికి, పార్ట్‌టైమ్ పని ఆగిపోయిన విద్యార్థికి లక్ష రూపాయలంటే ఎంతో మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే తండ్రిని అడిగితే చెబుతాడు.

ఇక్కడి నుంచే పర్మిట్ తగాదా మొదలైంది. మే 26న అమెరికా సంస్థ డెల్టా, తాము కూడా ఇలాంటి విమానాలు నడుపుతామని మన విమానయాన శాఖకు లేఖ రాసింది. దానికి అనుమతి రాలేదు. జూన్ 22న అమెరికా రవాణా శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఎయిర్ ఇండియా చార్టర్ల పేరుతో మామూలు టికెట్లు అమ్ముకుంటోందని, ఆ విమానాల సంఖ్య లాక్‌డౌన్‌కు ముందు నడిపిన వాటిలో సగం దాటిందని, అమెరికా సంస్థలకు మాత్రం దారి మూసేశారని అందులో ఆక్షేపించింది. ఇక ముందు ప్రతి చార్టర్‌కూ ఎయిర్ ఇండియా తమ అనుమతి తీసుకోవాలని, ఇది 30 రోజుల్లో అమల్లోకి వస్తుందని చెప్పింది. విదేశీ చార్టర్లపై ఇలా ముందస్తు అనుమతి షరతు పెట్టే అధికారం అమెరికా నిబంధనల్లో ముందు నుంచీ ఉంది. అవతలి దేశం తమ సంస్థలకు తలుపు మూసినప్పుడు దాన్ని బయటికి తీస్తారు.

మరునాడే మన విమానయాన శాఖ, అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాలతో పరస్పర ఏర్పాట్ల గురించి ఆలోచిస్తున్నామని ప్రకటించింది. జూలై మధ్యకల్లా అమెరికాతో ఎయిర్ బబుల్ కుదిరింది. జూలై 17 నుంచి నెలాఖరు వరకు యునైటెడ్ సంస్థకు 18 విమానాలు ఇచ్చారు. ఫ్రాన్స్‌తోనూ అలాగే కుదిరింది. యూఏఈ సంస్థలు చార్టర్లలో మనవారిని దించి, తిరుగు ప్రయాణంలో అక్కడి నివాసులను తీసుకువెళ్లేందుకు జూలై 12 నుంచి 26 వరకు ఒప్పుకున్నారు. అంటే జూన్‌లో కుదరదన్నది జూలైలో కుదిరింది. ఈ నెల రోజుల్లో వైద్యం మారలేదు, వైరస్ తగ్గలేదు, పైగా కేసులు పెరిగాయి. మారింది బేరం మాత్రమే.

మేము తప్పు పట్టేది ఇక్కడే. ఎయిర్ ఇండియా అప్పటికి ఇంకా ప్రభుత్వ సంస్థ. టాటాల చేతికి వెళ్లింది 2022 జనవరిలో. అనుమతి ఇచ్చే చేయీ, టికెట్లు అమ్మే చేయీ ఒకే ప్రభుత్వానివి. దేశీయ సంస్థకు న్యాయమైన వాటా కోరడం తప్పు కాదు. పెద్ద విదేశీ సంస్థలకు ఆకాశమంతా వదిలేస్తే రేపు మనకు విమానాలే మిగలవన్న వాదనను మేము తోసిపుచ్చం. కానీ వాటా బేరం తేలేదాకా మనుషులను పరాయి దేశంలో నిలబెట్టడం సరికాదు. బేరం వారిది, నిరీక్షణ మనవారిది అయింది. గరికపాడు దగ్గర పిల్లలు గంటలు నిలబడ్డారు. న్యూజెర్సీలో, టెక్సస్‌లో మన పిల్లలు వారాల తరబడి నిలబడ్డారు.

అనుమతి అడగనప్పుడు

అయితే నిబంధనలు ఎత్తేస్తే సరిపోతుందా అంటే, కాదు. దానికి సాక్ష్యం 2023 డిసెంబర్ 21న ఫ్రాన్స్‌లో దొరికింది. రుమేనియాకు చెందిన లెజెండ్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ విమానం యూఏఈలోని ఫుజైరా నుంచి నికరాగ్వా వెళ్తూ, ఇంధనం కోసం వాత్రీ అనే చిన్న విమానాశ్రయంలో దిగింది. అందులో 303 మంది ఉన్నారు, దాదాపు అందరూ భారతీయులే. తోడు ఎవరూ లేకుండా ప్రయాణిస్తున్న మైనర్లు 11 మంది. మనుషుల అక్రమ రవాణా జరుగుతోందని ఎవరో పేరు చెప్పకుండా ఇచ్చిన సమాచారంతో ఫ్రాన్స్ పోలీసులు విమానాన్ని ఆపేశారు. నాలుగు రోజులు విమానాశ్రయంలోనే మంచాలు వేశారు. క్రిస్మస్ రోజున విమానం తిరిగి బయల్దేరింది. 26వ తేదీ తెల్లవారుజామున 276 మంది ముంబైలో దిగారు. మరో 25 మంది ఫ్రాన్స్‌లోనే ఆశ్రయం కోరారు.

నికరాగ్వా వరకు విమానంలో, అక్కడి నుంచి దొంగదారిలో అమెరికా సరిహద్దు వరకు వెళ్లాలన్నది పథకం. ఒక్కొక్కరి దగ్గర 60 నుంచి 80 లక్షల దాకా ఏజెంట్లు మాట్లాడుకున్నారని గుజరాత్ సీఐడీ తర్వాత చెప్పింది. విమాన సంస్థ న్యాయవాది చెప్పిన మాట మాత్రం మనం బాగా గుర్తుంచుకోవాలి. విమానం తమదే కానీ, దాన్ని మాట్లాడుకున్నది మరో కంపెనీ అని, ప్రయాణికుల పత్రాలు చూసుకోవలసిన బాధ్యత ఆ కంపెనీదే అని ఆమె అన్నారు. విమానం ఒకరిది, మాట్లాడింది ఇంకొకరు, డబ్బు వసూలు చేసింది ఊళ్లో ఏజెంటు. సీట్లో కూర్చున్నవాడికి ఈ ముగ్గురిలో ఒక్కరి ముఖమే తెలుసు.

నికరాగ్వాకు ఇలాంటి చార్టర్లు నడిపే సంస్థల యజమానులకు వీసాలు నిరాకరిస్తామని అమెరికా అంతకు నెల ముందే, 2023 నవంబర్‌లో, ప్రకటించి ఉంది. ఆ తర్వాత 2024 అక్టోబర్ 22న అదే అమెరికా, కాగితాలు లేని భారతీయులను ఒక చార్టర్ విమానంలో వెనక్కి పంపింది. ఏజెంటు మాట్లాడిన చార్టర్‌లో వెళ్లాలనుకున్నవారు, ప్రభుత్వం మాట్లాడిన చార్టర్‌లో తిరిగివస్తున్నారు. వెళ్లేటప్పుడు అమ్మిన పొలం మాత్రం తిరిగిరాదు.

2020లో ప్రభుత్వం అడ్డుకోకూడని చోట అడ్డుకుంది. 2023లో అడ్డుకోవలసిన చోట, వాత్రీ దాకా, ఎవరూ అడ్డుకోలేదు. రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. నిబంధనలు విమానం చుట్టూ తిరుగుతున్నాయి. ఎవరు మాట్లాడారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న చుట్టూ తిరగడం లేదు.

మనసుంటే మార్గముంది

సరిగా చేసిన పనులనూ చెప్పాలి. 2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఆపరేషన్ అజయ్ పేరుతో ప్రత్యేక చార్టర్లు నడిపారు. అక్టోబర్ 13న 212 మందితో మొదటి విమానం ఢిల్లీ చేరింది. ప్రయాణికుల దగ్గర ఛార్జీ తీసుకోలేదు. అక్కడ వృద్ధులకు సేవ చేసే పనుల్లో ఉన్న తెలుగువారి కుటుంబాలు ఇక్కడ ఆ రోజుల్లో ఎంత ఆందోళన పడ్డాయో మనకు తెలుసు.

2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం వచ్చినప్పుడు మరో అడుగు ముందుకు వేశారు. ఆపరేషన్ సింధు కింద భారతీయులను తీసుకురావడానికి ఇరాన్ తన మూసిన ఆకాశాన్ని మనకోసం తెరిచింది. వారి మహాన్ ఎయిర్ విమానమే చార్టర్‌గా మషద్ నుంచి విద్యార్థులను ఢిల్లీకి తెచ్చింది. అమెరికా ఆంక్షలున్న సంస్థ అది. అయినా ప్రాణాలు ముందు, మిగతావి తర్వాత అని మన ప్రభుత్వం రోజుల్లో తేల్చుకుంది. ఇజ్రాయెల్‌లో ఉన్నవారిని జోర్డాన్, ఈజిప్టుల మీదుగా తెచ్చారు. అంటే విదేశీ చార్టర్‌కు త్వరగా అనుమతి ఇవ్వడం మన వ్యవస్థకు చేతకాని పని కాదు. దాన్ని అధికారుల ఇష్టానికి వదిలేయకుండా నియమంగా రాసుకోవాలన్నదే మా మాట.

డబ్బు ఎక్కడ ఉంటుంది?

ఇప్పుడు మన ముంగిట్లోకి వద్దాం. అమెరికా చార్టర్ నిబంధనల్లో మనం నేర్చుకోవలసినది ఒకటి ఉంది. చార్టర్ కోసం ముందుగా కట్టిన డబ్బుకు పూచీకత్తు ఉండాలి, లేదా ప్రయాణం జరిగేదాకా ఆ డబ్బు బ్యాంకులో విడిగా ఉండాలి. బ్రిటన్‌లో 1973 నుంచి ఏటీఓఎల్ అనే లైసెన్సు పద్ధతి ఉంది. టూర్ కంపెనీ మునిగిపోతే ప్రయాణికుడికి డబ్బు తిరిగివస్తుంది, పరాయి దేశంలో చిక్కుకుంటే వెనక్కి తెస్తారు. అక్కడి ప్రజలు కూడా ఒకప్పుడు మోసపోయాకే ఈ నియమాలు వచ్చాయి.

మన దేశంలో కొన్ని ప్రయాణాలకు రక్ష ఉంది, కొన్నింటికి లేదు. ఉద్యోగానికి పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద నమోదు కావాలి, బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, అభ్యర్థి దగ్గర 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. హజ్ యాత్ర రెండు దేశాల ఒప్పందం కింద జరుగుతుంది. విమానాలు, నిర్వాహకుల నమోదు అన్నీ ప్రభుత్వం కళ్లముందే. అయినా 2025లో ఏమైందో చూడండి. భారత్ కోటా 1,75,025. అందులో ప్రైవేటు నిర్వాహకుల వాటా 52,507. సౌదీ ప్రభుత్వం పెట్టిన గడువుల్లోగా బస, రవాణా ఒప్పందాలు పూర్తి చేయలేదని ఆ వాటా దాదాపు పోయింది. కేంద్రం మాట్లాడాక 10 వేల మందికి మాత్రమే మళ్లీ దారి దొరికింది. నమోదు, పర్యవేక్షణ ఉన్న చోటే 42 వేల మందికి పైగా ముస్లిం సోదరుల ప్రయాణం ఆగిపోయింది.

మరి మన యెరూషలేము యాత్రల సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ యాత్ర సాయాన్ని 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 60 వేలకు, అంతకు మించి ఉన్నవారికి 30 వేలకు పెంచింది. ప్రభుత్వ జాబితాలో వెళ్లేవారికి కొంత పర్యవేక్షణ ఉంటుంది. సొంత డబ్బుతో వెళ్లే మన విశ్వాసులు ఎక్కువగా నమ్ముకునేది కరపత్రం మీది ఫోన్ నంబరును, దాని పక్కన ఉన్న దైవసేవకుని ఫొటోను. ట్రావెల్ ఏజెంట్లకు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు ఐచ్ఛికమే, తప్పనిసరి కాదు.

ఇందులో మా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. మా పత్రికలోనూ యాత్రల ప్రకటనలు వేశాం. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతుంది, రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు అని ఏనాడూ అడగలేదు. ప్రకటన డబ్బు తీసుకున్నాం, అచ్చు వేశాం. ఇకమీదట ఈ రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వని యాత్ర ప్రకటనను తీసుకోం.

సంఘాలు అడగవలసినవి

మొదటిది, ఇది నిజంగా చార్టరా, లేక గ్రూపు టికెట్లా? చాలా యాత్రలు మామూలు విమానాల్లో గ్రూపు టికెట్ల మీదే వెళతాయి. "మన కోసం ప్రత్యేక విమానం" అన్న మాట ఆకర్షణకు వాడతారు. గ్రూపు టికెట్ అయితే మీ పేరు మీద పీఎన్ఆర్ ఉంటుంది. దాన్ని విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు.

రెండోది, చార్టర్ అయితే విమానం ఎవరిది, మాట్లాడింది ఎవరు, రెండు దేశాల అనుమతులూ వచ్చాయా? "వస్తాయి" అన్న జవాబు వస్తే, డబ్బు కూడా అవి వచ్చాకే ఇవ్వండి.

మూడోది, డబ్బు ఎవరి పేరు మీది ఖాతాలో పడుతోంది? వ్యక్తి ఖాతాకు గానీ, చేతికి నగదుగా గానీ ఇవ్వవద్దు. రసీదు లేని చోట తర్వాత సాక్ష్యం ఉండదు.

నాలుగోది, యాత్ర రద్దయితే ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? లాక్‌డౌన్ టికెట్ల కేసులో 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు ప్రయాణికుల డబ్బు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఇక్కడ కొన్న విదేశీ సంస్థల టికెట్లకూ దాన్ని వర్తింపజేసింది. కానీ ఆ తీర్పు ఫలం అందాలన్నా చేతిలో టికెట్ ఉండాలి.

ఐదోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఇంతమందిని తెస్తే ఒకరికి ఉచితం అన్న పద్ధతి యాత్రల వ్యాపారంలో ఉంది. ఆ ఉచిత సీటు కాపరికి వస్తే అది నేరం కాదు. కానీ ఆ సంగతి సంఘానికి ముందే చెప్పాలి. ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పిన మాటను విశ్వాసులు ప్రకటనగా వినరు, దేవుని సేవకుని మాటగా వింటారు. ఆ నమ్మకానికి వెల కట్టకూడదు.

విజిటింగ్ వీసా మీద వెళ్లండి, అక్కడికి పోయాక పని చూపిస్తాం అనేవారి విషయంలో అసలు ఆలోచించవలసిందే లేదు. ఏజెంటు నమోదు అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. చూడడం రాని తల్లిదండ్రులకు సంఘంలోని యువకులు చూసి పెట్టాలి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ ఉంది. సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడికి తోడు వెళ్లడం కూడా పరిచర్యే.

ప్రభుత్వాన్ని కోరేది

మూడు పనులు చేయమంటున్నాం. అనుమతి పొందిన ప్రతి విదేశీ ప్రయాణికుల చార్టర్ వివరాలను, విమాన సంస్థ పేరుతోపాటు దాన్ని మాట్లాడుకున్న వారి పేరుతో సహా, డీజీసీఏ అందరూ చూసేలా పెట్టాలి. ప్రజల దగ్గర వసూలు చేసిన డబ్బు విమానం ఎగిరేదాకా విడి ఖాతాలో ఉండాలన్న షరతు పెట్టాలి. ఆపదలో చిక్కుకున్నవారిని తెచ్చే చార్టర్‌కు ఇన్ని రోజుల్లోగా అవునో కాదో చెప్పాలని గడువు రాసుకోవాలి. కాదంటే కారణం చెప్పాలి. విమాన సంస్థల వాటా సంగతి వేరే బల్ల మీద తేల్చుకోవాలి.

ఇలాంటి షరతులతో చిన్న నిర్వాహకులు తట్టుకోలేరని, టికెట్ ధర పెరుగుతుందని కొందరంటారు. కొంత నిజమే. అయితే విడి ఖాతాలో ఉంచడం అంటే సొంత డబ్బు పెట్టమని కాదు, పరుల డబ్బును ముందే ఖర్చు చేయవద్దని. అది కూడా కుదరనివారు ఆ వ్యాపారంలో ఉండకపోవడమే మంచిది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కినది కూడా పరదేశపు ఓడే. అలెక్సంద్రియ నుంచి ఇటలీకి పోతున్న ఓడలోకి శతాధిపతి అతణ్ని ఎక్కించాడు. ప్రయాణం ప్రమాదమని పౌలు హెచ్చరించాడు. అధికారం చేతిలో ఉన్న శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. ఫలితం మనకు తెలుసు. ఆ ఓడలో ఉన్నవారు 276 మంది. వాత్రీ నుంచి ముంబై చేరినవారూ 276 మందే. సంఖ్యలు కలిసినంత మాత్రాన అందులో గూఢార్థం వెతకడం మా ఉద్దేశం కాదు. అయితే ఒక్క సంగతి గమనించండి. ఓడ పగిలినప్పుడు సైనికులు ఖైదీలను చంపబోతే, ఆ శతాధిపతే వారిని ఆపాడు. మొదట యజమాని మాట విన్నవాడు చివరికి మనుషుల ప్రాణం చూశాడు. అందరూ ఒడ్డుకు చేరారు.

మన ప్రభుత్వాల నుంచి కోరేది అంతే, ఆ చివరి బుద్ధి మొదటే రావాలని. సంఘాలుగా మనం చేయగలిగినదీ ఉంది. ఈ ఆదివారం ఎవరైనా క్షేమ ప్రయాణం కోసం ప్రార్థించమని లేచి నిలబడితే, తప్పకుండా ప్రార్థిద్దాం. ఆమేన్ అన్నాక పక్కన కూర్చుని అడుగుదాం: అమ్మా, ఆ విమానాన్ని మాట్లాడింది ఎవరు? డబ్బు ఎవరికి కట్టారు?